మూతల దేశమ్మ చెప్పింది

బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో
ఇరవై రెండేళ్ళు మూతలు చూసినదాన్ని నేను.
తోతాపురి సీజన్లో రోజుకు నాలుగు వేల డబ్బాలు.
అంచు ఎంబడి వేలు పోనిస్తే చాలు,
యాడ గాలి దూరతాదో గోరుకు తెలిసిపోయేది.
అందుకే పిలిచినాడు చెంగల్రాయులు.

గుడిపాల దావలో, కోళ్ళు లేని కోళ్ళ షెడ్డులో
ఆరేళ్ళుగా ఇమానం కట్టినాడు వాడు.
రెక్కలకు గుడ్డ, గుడ్డకు రంగు,
సీట్లో పాత అంబాసిడరు కారు దూది.
అన్నీ చక్కంగా ఉండాయి.
పెట్రోలు మూతల కాడ మాత్రం చేతులెత్తేసినాడు.

"పైకి పొయ్యొస్తే మరక పడతాందక్కా."
చూస్తి. మూత ఎనకాల నుంచి రెక్క అంచు దాకా
పాలు పొంగి కుండ మీద ఎండిన చార మాదిరి.
"పోసేటప్పుడు ఒలికిందేమో?"
"కాదు. రెక్క మీద గాలి పైకి పీలస్తాది.
మూత రవ్వంత వదులైతే
ట్యాంకీని సోడా తాగినట్టు తాగేస్తాది."
గాలి పెట్రోలు తాగేది ఆ పొద్దే విన్నా.

మూత తిప్పి తీస్తి.
లోపల రింగు, బండ్ల షాపుది, పన్నెండు రూపాయలంట.
గాడిలో పట్టక బయటికి చూస్తా ఉంది
నానబోసిన అలసంద మాదిరి.
ఇప్పటి పెట్రోల్లో చెరకు సారాయి కలుస్తాదని
వాడికి తెలుసు.
తెలిసీ పన్నెండు రూపాయలకు ఆశపడినాడు.
తిట్టలేదు. మా మేనేజరూ అంతే.

వేలూరు బస్సెక్కి కొత్త రింగులు తెస్తి,
గోధుమరంగువి, ఒక్కోటి రెండు నూర్ల డెబ్బై.
గాడిలో పాత బంక వెదురు పుల్లతో గీకితి.
ఇనుము తగలనీలే.
ఇనుప గీత పడిందా, అదే రేపు కాలవ.
జిడ్డు పూస్తి,
పసిబిడ్డ మాడుకు ఆముదం పెట్టినంత, అంతే.

మూత కింద బీడీ కాగితం పెట్టి బిగించి లాగితి.
చుట్టూ ఎనిమిది తావుల లాగితి.
ఏడు తావుల చినిగింది.
ఎనిమిదో తావ మెల్లంగా జారి చేతికొచ్చింది.
తప్పు మూతది కాదురా, మూతిది, అంటి.
ఎప్పుడో స్పానరు జారిపడిన సొట్ట.
లోపల పొడి రాలకుండా గుడ్డ కూరి
పలకముక్కకు ఉప్పుకాగితం చుట్టి
మధ్యానం దాకా రుద్దినాడు వాడు.

ఆ రాత్రి వాన. షెడ్డు రేకులు కారతాయి.
తెల్లారి, తడిసిన రెక్క కింద కొళాయి తిప్పి
గాజు సీసాలో పట్టి పొద్దుకు ఎదురుగా ఎత్తితిమి.
నీళ్ళు దిగుంటే అడుగున వేరే నిలబడతాది,
గుడ్డుసొన మాదిరి గుండ్రంగా.
లేదు.
రెండో తూరి పడితిమి. లేదు.

"ఇంక పోనా అక్కా?" కాళ్ళు నిలవలేదు వాడికి.
ఉండు, గాలిగొట్టం ఊదు, అంటి.
ఎందుకు అంటినో నాకే తెలీదు.
ఊదినాడు. బుగ్గలు ఉబ్బినాయి గానీ గాలి పోలేదు.
లోపల కందిరీగ మట్టిగూడు.

ట్యాంకీ ఊపిరి తీసుకోవాల గదా.
ఇన్నాళ్ళూ ఆ వదులు మూత సందులోనే తీసింది.
ఆ సందునే నేను మూస్తి,
ఎనిమిది తావులా కాగితం చినిగేటట్టు.
పైన ఇంజను అడిగితే
ట్యాంకీ ఇవ్వలేక బిగబట్టుకునేది.

వాడు సైకిలు పుల్లతో మట్టి పొడస్తా
"మంచి పని చేస్తివక్కా" అన్నాడు.
నేను సీసా కడగతా ఉంటిని.
కడిగిందే కడగతా ఉంటిని.

ఎగిరినాడు. నీవా ఏటి మీద ఒక చుట్టు,
దిగినాడు.
మామిడితోపులు దువ్విన తల మాదిరి ఉండాయంట,
ఇంకా ఏమేమో చెప్తా ఉండాడు.
నేను నిచ్చెన వేసుకొని రెక్క మీదికి వంగి
మూత ఎనకాల వేలు రాస్తి, వాసన చూస్తి.
పొడి. ఎండకు కాగిన రంగు వాసన.

పాత రింగు పక్కింటి బిడ్డ గాజని ఏసుకొని తిరగతా ఉంది.
బెల్లంముక్క ఇచ్చి తీసుకుంటి,
కత్తెరతో రెండు తునకలు చేస్తి.
చెడిపొయ్యింది ఇంకో మూతలోకి పోకూడదు,
ఫ్యాక్టరీలో మొదటి రోజు నేర్పింది ఇదే.